తెర మీది అంకెలో గది వాటా ఎంత, వాట్ల వాటా ఎంత? వేసవిలో ప్రాసెసర్ వేడిని చదవడం, తగ్గించడం

గోదావరి డెల్టాలో పెళ్లి వీడియోల పని ముమ్మరంగా ఉండే రోజులూ, ఎండలు ముదిరే రోజులూ దాదాపు ఒకటే. వైశాఖ ముహూర్తాల వీడియోలు, కరిజ్మా ఆల్బమ్‌లు ఎడిటింగ్ బల్ల మీదికి చేరేసరికి రోహిణి కార్తె దగ్గర పడుతుంది. కిందటి వేసవిలో అమలాపురంలో ఒక ఎడిటర్ గారు నన్ను పిలిపించి, మాఘమాసంలో రెండు గంటల్లో పూర్తయిన రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారు చేసే పని) ఇప్పుడు మూడు గంటలు పడుతోందనీ, ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గర నిలిచిపోతోందనీ చెప్పారు. అప్పటికే ఆయనకు రెండు సలహాలు అందాయి. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎదురుగా ఎయిర్ కూలర్ పెట్టమని ఒకరు చెప్పారు. ప్రాసెసర్ మీద ఉన్న ఫ్యాన్ తీసేసి, నీటితో చల్లబరిచే ఖరీదైన కూలర్ వేయించమని మరొకరు చెప్పారు. మొదటిది చేసి చూశారు, రెండోదానికి డబ్బు సర్దుకుంటున్నారు. ఆ 100 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ విడదీసి చూడలేదు.

తెర మీది ఉష్ణోగ్రత ఒకే అంకెగా కనిపించినా, అది నిజానికి ఒక కూడిక. ప్రాసెసర్ ఫ్యాన్ పీల్చుకునే గాలి వేడి అందులో మొదటి భాగం. దాని మీద ప్రాసెసర్ తన పనితో పెంచుకున్న వేడి రెండో భాగం. ఈ రెండో భాగం మళ్లీ ఒక గుణకారం: ప్రాసెసర్ ఎన్ని వాట్లు ఖర్చు చేస్తోందో, ఆ వేడి గాలిలో కలిసే దారిలో ఎంత అడ్డు ఉందో, ఆ రెంటినీ హెచ్చిస్తే వచ్చేది. ఈ అడ్డును ఒక్కో వాట్‌కు ఎన్ని డిగ్రీలు అని కొలుస్తారు. ప్రాసెసర్ 100 వాట్లు ఖర్చు చేస్తూ, దారిలో వాట్‌కు 0.45 డిగ్రీల అడ్డు ఉంటే పెరుగుదల 45 డిగ్రీలు అవుతుంది. సంక్రాంతి రోజుల్లో గది 25 డిగ్రీలు ఉంటే తెర మీద 70 కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం అదే గది 39 డిగ్రీలకు చేరితే, యంత్రంలో ఏ లోపమూ లేకుండానే 84 కనిపిస్తుంది.

కాలువల మధ్య పెరిగినవారికి ఇది కొత్త లెక్క కాదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఎగువన నిలిచిన నీటి మట్టానికీ కాలువ దిగువ మట్టానికీ ఉన్న తేడాయే నీటిని నడిపిస్తుంది. దారిలో పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే, అంతే నీటిని పంపడానికి ఎగువ మట్టం ఇంకా పెరగాలి. ప్రాసెసర్‌లో ఎగువ మట్టం చిప్ వేడి, దిగువ మట్టం గాలి వేడి, పారే నీరు వాట్లు. చిప్‌కూ దాని మీది లోహపు దిమ్మె హీట్‌సింక్‌కూ మధ్య పూసి ఎండిపోయిన పేస్టూ, ఆ దిమ్మె రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మూ పూడిక. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువల నీరు వెనక్కి తన్నినట్టే, గది వేడెక్కినప్పుడు చిప్ వేడి కూడా అంతమేర పైకి జరుగుతుంది. వాట్లు, పూడిక, గాలి వేడి అనే ఈ మూడింటికీ మూడు వేర్వేరు విరుగుడులు ఉన్నాయి. ఒకదానికి పనికొచ్చే విరుగుడు మరోదానికి పనికిరాదు.

మన దుకాణాల్లో ‘సీపీయూ’ అంటే మొత్తం పెట్టె అనే అర్థం స్థిరపడింది. ఈ వ్యాసంలో ప్రాసెసర్ అంటే మదర్‌బోర్డు మీద, ఫ్యాన్ కింద కూర్చున్న చిప్ మాత్రమే. పెట్టెను క్యాబినెట్ అంటాను.

మొదట వాట్ల సంగతి చూద్దాం. ప్రాసెసర్‌లోని వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఆన్ అయి ఆఫ్ అయిన ప్రతిసారీ కొద్దిపాటి విద్యుదావేశం నిండి ఖాళీ అవుతుంది, ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఇది జరిగితే అంత వేడి పుడుతుంది గనుక, వేగం పెరిగిన నిష్పత్తిలోనే వాట్లు పెరుగుతాయి. వోల్టేజీ సంగతి వేరు: వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. 1.30 వోల్టులతో నడిచే ప్రాసెసర్‌ను అదే వేగంతో 1.15 వోల్టులకు దించగలిగితే, ఈ రకం ఖర్చు సుమారు 22 శాతం తగ్గుతుంది. దానితో పాటు వేగాన్ని పది శాతం తగ్గిస్తే సుమారు 30 శాతం తగ్గుతుంది. పై వేగాలను అందుకోవాలంటే వోల్టేజీని కూడా పెంచాలి కాబట్టి, చివరి కొద్దిపాటి వేగం కోసం అయ్యే ఖర్చు ఆ వేగం ఇచ్చే లాభానికి ఏమాత్రం సరితూగదు. దీనికి తోడు, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్లలోంచి కూడా కొంత కరెంటు కారిపోతూ ఉంటుంది. చిప్ వేడెక్కే కొద్దీ ఆ కారుడు పెరుగుతుంది. అంటే వేడి తనను తానే కొంత పెంచుకుంటుంది.

ఈ వాట్లు ఎంత చిన్న చోట పుడతాయో గమనించడం అవసరం. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు భాగం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు ఐదు వాట్లు పడతాయి. 100 వాట్లు ఖర్చు చేసే ప్రాసెసర్ చిప్ విస్తీర్ణం చాలా రకాల్లో రెండు చదరపు సెంటీమీటర్లకు మించదు; అక్కడ చదరపు సెంటీమీటరుకు 50 వాట్లకు పైగా పుడతాయి. ఇస్త్రీ పెట్టె కంటే పది రెట్లు. అందుకే ఫ్యాన్ ఎంత పెద్దదన్న ప్రశ్న కంటే, ఆ చిన్న చోటి నుంచి వేడి ఎంత సాఫీగా బయటపడుతోందన్న ప్రశ్న ముందు రావాలి.

ఎక్కువమంది తికమకపడేది ప్రాసెసర్ పెట్టె మీద రాసి ఉండే వాట్ల దగ్గర. ఇంటెల్ కోర్ ఐ5-12400 మీద 65 వాట్లు అని ఉంటుంది. అది మూల వేగంతో, అంటే ప్రాసెసర్‌కు నిర్ణయించిన మామూలు వేగంతో నడిచేటప్పటి లెక్క. పని ఎక్కువైనప్పుడు తనంతట తాను ఎక్కే టర్బో వేగంలో అది 117 వాట్ల వరకు తీసుకోవచ్చని ఇంటెల్ పత్రాలే చెబుతాయి. కోర్ ఐ9-13900కే విషయంలో ఆ రెండు అంకెలు 125, 253. ఇంటెల్‌కు పోటీ సంస్థ ఏఎండీ చేసే ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రాసెసర్లలో 65 వాట్లు అని ఉన్నది 88 వాట్ల వరకు, 105 వాట్లు అని ఉన్నది 142 వాట్ల వరకు సాకెట్ నుంచి తీసుకోవచ్చు. ఇంటెల్ తన మొదటి ఉద్దేశంలో ఆ పై పరిమితిని కొన్ని పదుల సెకన్లకే అనుమతించి, ఆ తరువాత కింది పరిమితికి దిగేలా ఏర్పాటు చేసింది. కానీ చాలా మదర్‌బోర్డులు కొన్న రోజు నుంచే ఆ కాలపరిమితిని ఎత్తివేసి వస్తాయి. వాటిలో ప్రాసెసర్ గంటల తరబడి పై వాట్లలోనే నడుస్తుంది. 65 వాట్ల ప్రాసెసర్ అని నమ్మి, దానితో పాటు పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాన్‌తోనే సరిపెట్టుకున్న మనిషి, ఆ ఫ్యాన్ నెత్తిన దాదాపు రెట్టింపు బరువు పెట్టాడన్న సంగతి తెలియకుండానే ఏళ్లు గడుపుతాడు.

ఇక ఎంత వేడి ఎక్కువ? ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువవాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. ఆ హద్దును తాకగానే ప్రాసెసర్ తన వోల్టేజీని, వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి ఎక్కుతూనే పోతే, ఇంకా పై హద్దు దగ్గర యంత్రం తనంతట తానే ఆరిపోతుంది. కాబట్టి 95 కనిపించగానే చిప్ కాలిపోతుందన్న భయం అక్కరలేదు. రైజెన్ 7000 వరుసలో పై రకాలు నిండు పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా రూపొందించామని ఏఎండీయే ప్రకటించింది. అయితే ‘భయం లేదు’ అంటే ‘పట్టించుకోనక్కరలేదు’ అని కాదు. చిప్ లోపలి సన్నటి లోహపు తీగల్లో కరెంటు తోపుడుకు పరమాణువులు నెమ్మదిగా జరిగిపోతాయనీ, వేడి పెరిగే కొద్దీ ఆ అరుగుదల త్వరగా జరుగుతుందనీ 1960ల చివర్లో జేమ్స్ బ్లాక్ సమీకరణం రూపంలో చూపించారు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరంగా మారడానికి మితిమీరిన వోల్టేజీ కారణమని 2024లో ఆ సంస్థ ఒప్పుకొని, ఆగస్టు నుంచి సవరించిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును నడిపించే ఆదేశాలు) విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ తరం ప్రాసెసర్ ఉన్నవారు మిగిలిన పనులన్నిటికంటే ముందు మదర్‌బోర్డు బయోస్‌ను, అంటే యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రామును తాజా చేసుకోవాలి.

నా మటుకు నేను పెట్టుకున్న కొలబద్ద ఇది: గది 38, 40 డిగ్రీలు ఉన్న మే నెలలో, గంటసేపు నిండు పని తరువాత 85 నుంచి 90 మధ్య నిలబడితే ఆ యంత్రం బాగున్నట్టే. చలికాలంలో అదే 90 కనిపిస్తే బాగులేనట్టే. ఎంత వేడిలోనైనా వేగం మూల వేగం కంటే కిందికి పడిపోతుంటే తప్పక చూడవలసిన లోపం ఉన్నట్టు.

కొలవడం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సగం వైద్యం ఇక్కడే తేలిపోతుంది. విండోస్ టాస్క్ మేనేజర్ గ్రాఫిక్స్ కార్డు వేడిని చూపిస్తుంది గానీ, ప్రాసెసర్ వేడి అందులో కనిపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రాములు కావాలి. లైనక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ ఈ పని చేస్తుంది. వీటిలో ఒక్క వేడి అంకెను మాత్రమే చూస్తే ఏమీ తేలదు; ప్రాసెసర్ ప్యాకేజీ వాట్లు (మొత్తం చిప్ ఖర్చు), కోర్ల (చిప్ లోపల విడివిడిగా పని చేసే భాగాల) వేగం, ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్న మూడింటినీ దానితో పాటు రాసుకోవాలి. ఐదో అంకె ఏ ప్రోగ్రామూ చెప్పదు: క్యాబినెట్‌లోకి గాలి వెళ్లే చోట ఉన్న వేడి. గోడకు తగిలించే చవక థర్మామీటరును ఆ చోట పది నిమిషాలు ఉంచితే చాలు. గదికి అవతలి గోడ మీద కొలిస్తే ఆ అంకె పనికిరాదు. కారణం తరువాత చెబుతాను.

పని లేనప్పటి వేడిని పోల్చుకోవడం వృథా. చిప్ లోపలి సెన్సార్లను గరిష్ఠ హద్దు దగ్గర సరిగ్గా ఉండేలా సరిచేస్తారు, అందువల్ల తక్కువ వేడి దగ్గర వాటి అంకెల్లో తేడాలు వస్తాయి. రోజూ చేసే అసలు పనితోనే, అంటే ఎడిటర్ అయితే ఒక పూర్తి రెండరింగ్‌తోనే, కనీసం అరగంట కొలవాలి. ప్రైమ్95 వంటి పరీక్ష ప్రోగ్రాములు మామూలు పనుల్లో రానంత భారం మోపుతాయి. వాటిలో వచ్చిన అంకెను చూసి బెంగపడి కొత్త కూలర్ కొనడం, పెళ్లి భోజనాలకు వండే గాడిపొయ్యి లెక్కతో ఇంటి పొయ్యి కొనడం వంటిది. కోర్ల మధ్య ఐదు, పది డిగ్రీల తేడా ఉండటం సహజం.

ఈ ఐదు అంకెలూ చేతిలో ఉంటే అడ్డును లెక్కగట్టవచ్చు. చిప్ వేడిలోంచి లోపలికి వెళ్లే గాలి వేడిని తీసివేసి, వాట్లతో భాగిస్తే సరిపోతుంది. అమలాపురం యంత్రంలో చిప్ 100 డిగ్రీలు, గాలి 44 డిగ్రీలు, వాట్లు 62. ప్రాసెసర్ 117 వాట్ల వరకు వెళ్లగలిగినది, 62 దగ్గరే హద్దును తాకి వేగం తగ్గించుకుంటోంది. 56ను 62తో భాగిస్తే వాట్‌కు 0.9 డిగ్రీలు. పెట్టెలో వచ్చిన చిన్న ఫ్యాన్ బాగున్నప్పుడు సుమారు 0.6 రావాలి. అంటే చిప్ నుంచి గాలి దాకా ఉన్న దారి పూడుకుపోయింది. అదే వాట్లు 115 దగ్గర ఉండి 100 కనిపించి ఉంటే దారిలో తప్పు లేదనీ, వాట్లే ఎక్కువయ్యాయనీ అర్థం. ఒకే 100 డిగ్రీలు, రెండు పూర్తిగా వేరైన జబ్బులు.

దారిలో అడ్డు ఎక్కడుందో వేడి ఎక్కే తీరు చెబుతుంది. పని మొదలైన రెండు, మూడు సెకన్లలోనే 50 నుంచి 95కు ఎగబాకి, పని ఆపగానే అంతే వేగంగా పడిపోతే, చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య అతుకు సరిగా లేనట్టు. వేడి లోహంలోకి చేరడమే లేదు. అలా కాకుండా పది, ఇరవై నిమిషాల పాటు నిదానంగా ఎక్కి, ఆపిన తరువాత కూడా నిదానంగా దిగితే, వేడి హీట్‌సింక్ దాకా బాగానే వస్తోంది గానీ అక్కడి నుంచి గాలిలోకి పోవడం లేదు. అంటే రెక్కల్లో దుమ్ము, మందగించిన ఫ్యాన్, లేదా క్యాబినెట్‌లో గాలి కదలకపోవడం. క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ కొలిస్తే ఈ చివరిది తేలిపోతుంది: తలుపు తీయగానే ఎనిమిది, పది డిగ్రీలు దిగితే ప్రాసెసర్ కూలర్‌ది తప్పు కాదు, పెట్టెది. ఈ తలుపు తీయడం పరీక్షకే గానీ వైద్యానికి కాదు.

అతుకు దగ్గర పేస్ట్ ఎందుకు పూస్తారో తెలిస్తే దాన్ని ఎంత పూయాలో తెలుస్తుంది. నున్నగా కనిపించే రెండు లోహపు తలాల మధ్య కంటికి కనపడని గుంటలు ఉంటాయి, వాటిలో గాలి నిలుస్తుంది. రాగి వేడిని మోసే శక్తి మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు అయితే గాలిది 0.026 మాత్రమే. పేస్టులది చాలావరకు 4 నుంచి 12 మధ్య ఉంటుంది. అంటే పేస్ట్ గాలి కంటే వందల రెట్లు మేలు, రాగి కంటే ఎన్నో రెట్లు తక్కువ. గుంటలను నింపేంత మాత్రమే ఉండాలి, మందంగా మెత్తితే అదే అడ్డవుతుంది. మధ్యలో బఠానీ గింజంత పెట్టి హీట్‌సింక్‌ను నిలువుగా దించితే అదే పరుచుకుంటుంది. పాత పేస్ట్‌ను తుడవడానికి సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ పేరుతో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. ఏఎం4 సాకెట్ ఉన్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పేస్ట్ ఎండి పట్టేసి ఉంటే, హీట్‌సింక్‌ను లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. యంత్రాన్ని కాసేపు నడిపి వెచ్చబరిచి, ఆపిన తరువాత హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. ఇంటెల్ పెట్టెలో వచ్చే ఫ్యాన్‌కు నాలుగు ప్లాస్టిక్ గుబ్బలు ఉంటాయి. నాలుగింటిలో ఒకటి పూర్తిగా దిగకపోతే పైకి అంతా బిగిసినట్టే కనిపిస్తుంది, హీట్‌సింక్ మాత్రం ఒక మూల లేచి ఉంటుంది. నేను చూసిన లోపాల్లో ఎక్కువసార్లు ఎదురైనది ఇదే. అమలాపురం యంత్రంలోనూ ఒక గుబ్బ సగమే దిగి ఉంది.

దుమ్ము విషయంలో మన ప్రాంతానికి తనదైన స్వభావం ఉంది. కోనసీమలో కొబ్బరి పీచు ఒలిచే చోట్ల పొట్టు, రైస్ మిల్లుల చుట్టుపక్కల ఊక నలుసులు, ఇంట్లో సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చక్రాల పొగ. ఈ పొగ జిగురు పొర పూస్తుంది, నలుసులు దానికి అంటుకుంటాయి, గాలిలో తేమ వాటిని గట్టిపరుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఫ్యాన్ కింద రెక్కల మీద గొంగళి ముక్క పరిచినట్టు ఒక పొర తయారవుతుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫ్యాన్‌ను విప్పి, ఆ పొరను చేత్తో తీసి, తరువాత బ్లోయర్ పట్టాలి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాలి. లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే రోజులనే ఈ పనికి గుర్తుగా పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. మిల్లు పక్కన ఉన్నవారు సంక్రాంతికి ముందు కూడా ఒకసారి చేయాలి.

సముద్రం దగ్గర ఇంకో చిక్కు ఉంది. సాధారణ ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చూసిన ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. అంతర్వేది, ఉప్పాడ వైపు గాలిలో వచ్చే ఉప్పు నలుసులు బోర్డు మీది దుమ్ములో కలిసి, తేమ పెరిగిన రాత్రుల్లో కరెంటును మోసే సన్నటి తడి పొరగా మారతాయి. అక్కడ దుమ్ము తుడవడం చల్లదనం కోసం మాత్రమే కాదు, బోర్డు బతకడం కోసం కూడా.

ఇక్కడ ఉక్కపోత గురించిన అపోహను తీర్చాలి. కాకినాడలో 35 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజు మనిషికి ఊపిరాడదు. రాజమహేంద్రవరంలో పడమటి గాలి వీచే 42 డిగ్రీల రోజు చెమట ఆరిపోతుంది కాబట్టి, నీడన కూర్చుంటే కొంత ఓర్చుకోగలడు. మనిషి శరీరం చెమట ఆవిరైపోవడం మీద ఆధారపడి చల్లబడుతుంది, ప్రాసెసర్‌కు చెమట లేదు. దానికి కావలసింది థర్మామీటరు చూపే గాలి వేడి ఒక్కటే. కాబట్టి కాకినాడ 35 దానికి హాయి, రాజమహేంద్రవరం 42 దానికి ఏడు డిగ్రీల అదనపు భారం. ఎయిర్ కూలర్ సలహా తప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. పొడి గాలి ఉన్న రోజున, కిటికీ తెరిచి ఉన్న గదిలో కొంత పని చేస్తుంది. కోనసీమ వంటి తేమ ప్రాంతంలో, అందులోనూ మూసిన గదిలో, గంట గడిచేసరికి గాలి ఇంకేమీ ఆవిరిని పట్టలేని స్థితికి వస్తుంది. ఆపై చల్లదనం రాదు, తేమ మాత్రం మిగులుతుంది. తెరిచిన క్యాబినెట్ మీదికి సూటిగా పెడితే నీటి తుంపరలూ, బోరు నీటిలోని లవణాలూ బోర్డు మీదికి చేరతాయి.

నీటి కూలర్ సలహా అంత హానికరం కాదు, కానీ దాని మీద పెట్టుకునే ఆశలో తప్పు ఉంది. నీళ్లు వేడిని చిప్ దగ్గర నుంచి పెద్ద రేడియేటరు దాకా మోసుకెళ్తాయి, అక్కడ మళ్లీ గది గాలే దాన్ని తీసుకోవాలి. గది 40 ఉంటే నీళ్లు 40 కంటే కిందికి దిగవు. నిలువుగా లేచిన రెక్కల హీట్‌సింక్ ఉండే మంచి టవర్ కూలర్‌లోని రాగి గొట్టాలు కూడా ఇదే పనిని పంపు లేకుండా చేస్తాయి. వాటి లోపల కొద్దిపాటి నీరు తక్కువ ఒత్తిడిలో ఉండి, చిప్ వైపు ఆవిరై, రెక్కల వైపు చల్లబడి, గొట్టం లోపలి పూత గుండా వెనక్కి పాకుతుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఈ గొట్టాన్ని పని చేయించి చూపారు. 250 వాట్ల ప్రాసెసర్‌తో రోజంతా పని చేసేవారికి నీటి కూలర్ అవసరం కావచ్చు. 120 వాట్ల లోపు వారికి ఇది అనవసర ఖర్చు అన్నది నా అభిప్రాయం.

వాట్లను తగ్గించడం ఖర్చు లేని విరుగుడు, అయినా జనం దాన్ని చివర తలుచుకుంటారు. బయోస్‌లో దీర్ఘకాల, స్వల్పకాల వాట్ల పరిమితులు ఉంటాయి. రైజెన్ బోర్డుల్లో ఎకో మోడ్ పేరుతో ఒకే మీట ఉంటుంది. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే అమరిక ద్వారా వోల్టేజీని కూడా కొద్దికొద్దిగా దించవచ్చు, ప్రతి మెట్టు తరువాత ఒక పూర్తి రెండరింగ్ చేసి చూడాలి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వోల్టేజీ తగ్గించే దారి మూసేశారు. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన మార్పు అది. బయోస్‌లోకి వెళ్లడానికి జంకేవారు విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా యంత్రాల్లో టర్బో వేగం మొత్తం ఆగిపోతుంది. ఇది మొరటు విరుగుడు, మే నెల గట్టెక్కడానికి మాత్రం పనికొస్తుంది.

చివరికి గది. ఒక కంప్యూటర్ మొత్తంగా 300 వాట్లు తింటే ఆ 300 వాట్లూ గదిలోకే వస్తాయి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గోడలు, వస్తువులు పీల్చుకునే వేడిని పక్కన పెడితే, ఆ గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 300 వాట్లకు రెండు నిమిషాలు కూడా పట్టదు. గోడలు చాలా మటుకు ఆదుకుంటాయి గానీ, తలుపులన్నీ మూసి నాలుగు యంత్రాలు నడిపే గదిలో మధ్యాహ్నానికి ఏం జరుగుతుందో ఊహించవచ్చు. టన్ను ఏసీ సుమారు 3500 వాట్ల వేడిని తోడుతుంది, అందులో పన్నెండో వంతు ఒక్క కంప్యూటరుకే పోతుంది. ఏసీ గది నుంచి చల్లటి ల్యాప్‌టాప్‌ను ఆరుబయటి తేమ గాలిలోకి తెచ్చినప్పుడు దాని మీద చెమ్మ చేరుతుంది, అరగంట ఆగి ఆన్ చేయడం మేలు. నడుస్తున్న ప్రాసెసర్ ఎప్పుడూ గది కంటే వెచ్చగానే ఉంటుంది కాబట్టి దాని మీద చెమ్మ చేరే ప్రశ్న లేదు.

గది వేడి కంటే కంప్యూటర్ బల్ల వేడి మరింత మోసకారి. మన దగ్గర అమ్మే చెక్క బల్లల్లో క్యాబినెట్‌కు మూడు వైపులా మూసిన అర ఒకటి ఉంటుంది, బల్ల వీపు గోడకు ఆని ఉంటుంది. వెనుక నుంచి బయటికి వచ్చిన వేడి గాలి పోయే దారి లేక అరలోనే తిరిగి, ముందు నుంచి మళ్లీ లోపలికి వెళ్తుంది. అమలాపురంలో గది మధ్యలో 39 చూపించిన థర్మామీటరు ఆ అరలో 44 చూపించింది. లోపలికి వెళ్లే గాలి దగ్గరే కొలవాలని ముందు చెప్పింది అందుకే.

ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తరచూ ఒకే గొట్టాలను పంచుకుంటాయి కాబట్టి ఒకటి కాగితే రెండోది కూడా కాగుతుంది. పరుపు మీద పెట్టకుండా, వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తి బల్ల మీద పెట్టడం, వాట్లు తగ్గించడం, ఏడాదికోసారి దుమ్ము తీయించడం, ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటే బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే అమరిక పెట్టుకోవడం, ఇంతకు మించి ఇంట్లో చేయగలిగింది తక్కువ.

అమలాపురంలో చేసిన పని ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. క్యాబినెట్‌ను అరలోంచి తీసి, గోడకు జానెడు దూరంలో చెక్క పీట మీద పెట్టాము. ఫ్యాన్ విప్పి దుమ్ము పొర తీసి, పేస్ట్ మార్చి, నాలుగు గుబ్బలూ టక్కుమని దిగేదాకా నొక్కాము. బయోస్‌లో 80 వాట్ల పరిమితి పెట్టాము. మర్నాడు మధ్యాహ్నం, గది అదే 39 డిగ్రీలు ఉండగా, రెండరింగ్ అరగంట దాటాక చిప్ 87 దగ్గర నిలబడింది. పని రెండు గంటల పావులో ముగిసింది. పరిమితి తీసేస్తే ఇంకో పది నిమిషాల ముందే ముగుస్తుంది, అయితే 100 డిగ్రీలను తాకుతూ. ఆ పది నిమిషాలు తనకు అక్కరలేదని ఎడిటర్ గారు అన్నారు. నీటి కూలర్ కోసం సర్దుకున్న డబ్బుతో, మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా సగంలో ఆగిపోతున్న రెండరింగ్‌ల కోసం యూపీఎస్ బ్యాటరీ మార్పించుకున్నారు.